ఛత్రీలు, యాంటెన్నాలు, చూపించని ఒక కాగితం

ఈ మధ్య ఒక ట్రైనింగ్ క్లాసుకు నన్ను పిలిచారు. టీవీ, కేబుల్, ఫైబర్ పనుల్లో కొత్తగా చేరబోయే పిల్లలు ముప్పై మంది ఉన్నారు. "సార్, అనలాగ్ నుంచి డిజిటల్‌కి మీరు ఇళ్ళను ఎలా మార్చారు?" అని ఒకమ్మాయి అడిగింది. నేను ఫ్రీక్వెన్సీలు, యాంగిల్స్, రిసీవర్లు అంటూ నలభై నిమిషాలు వాయించాను. పిల్లలు పాపం నోట్సు కూడా రాసుకున్నారు. టీ, సమోసా ఇచ్చి శాలువా కప్పి పంపారు.

మా ఊరు ప్రోతరాపూర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది, ఆ అమ్మాయి అడిగిన దానికి నేను జవాబే చెప్పలేదని. నేను చెప్పినవన్నీ రిసీవర్ డబ్బా మీద అచ్చేసే ఉంటాయి. అచ్చులో దొరకనివి ఇక్కడ రాస్తున్నాను. మా దీవుల్లో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవమంటే నీళ్ళు నములుతారు. చదవలేని వాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి. అలాగైనా ఇద్దరూ ఒకచోట కూర్చుంటారు.

టీ తాగడమే పని

నేను కొండ మీద టీవీ రిలే స్టేషన్లో టెక్నీషియన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేశాను. మా తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ప్రోతరాపూర్లోనే. అందుకే ఇళ్ళకు వెళ్ళి చెప్పే పని వచ్చినప్పుడు అందరూ నా వైపే చూశారు. "రావ్ భయ్యాకి అన్ని భాషలూ వచ్చు, అన్ని ఇళ్ళూ తెలుసు" అన్నారు. ఆఫీసులో ఎవరైనా ఇలా పొగిడితే ఎండలో తిరిగే పనేదో నెత్తిన పడబోతోందని అర్థం.

పని ఇదీ. పాత టవర్ ఆపేస్తారు. చేపముల్లులా ఉండే యాంటెన్నా కొండ వైపు తిప్పి చూసే బొమ్మ ఇక రాదు. ఆ యాంటెన్నా కాకులు వాలడానికి తప్ప పనికిరాదు. టవర్ ఆగే లోపు ప్రతి ఇంటివాళ్ళూ ఒక ఛత్రీ, టీవీ పక్కన ఒక సెట్‌టాప్ డబ్బా పెట్టించుకోవాలి. డిష్‌ని ఇక్కడ అందరూ ఛత్రీ అనే అంటారు. ఈ ముక్క ప్రతి గడపలోనూ చెప్పాలి.

మొదటి వారం నేను అనలాగ్, డిజిటల్ అంటూ మొదలుపెట్టేసరికి జనం గుమ్మంలోంచే దండం పెట్టేవారు. తర్వాత మాట మార్చాను. "పాతది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కేకేసినట్టు. గాలికి సగం మాట ఎగిరిపోయినా సగం వినబడుతుంది. కొత్తది పార్సిల్ లాంటిది. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే అసలు రాదు." ఇది అందరికీ అర్థమైంది. దీవుల్లో ఉండేవాళ్ళకి పార్సిల్ సంగతి ఒకరు చెప్పాలా!

అసలు పని మాత్రం టీ తాగడమే. కూర్చోకుండా చెప్పిన మాట ఎవరూ నమ్మరు. రోజుకు పద్నాలుగు ఇళ్ళు, పద్నాలుగు టీలు. మా ఆవిడ రాత్రి భోజనం పెడుతూ "ఇవాళ ఎన్ని?" అని అడిగేది. షుగర్ పరీక్ష రిపోర్టు వచ్చాక అడగడం మానేసి తిట్టడం మొదలుపెట్టింది.

మెయిన్‌ల్యాండ్ కాగితం

ఈ పని చూడడానికి మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక ఆఫీసర్ని పంపారు. పేరు వద్దు. సార్ అనే అందాం. చదువు బాగా ఉన్న మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో దిక్సూచి. ప్రోతరాపూర్ స్కూల్ మేడ మీద మొదటి డెమో పెట్టారు. ఊరంతా వచ్చింది. హెడ్మాస్టరు మైకు కూడా పెట్టించారు.

సార్ జేబులోంచి ఒక కాగితం తీశారు. ఛత్రీ ఏ దిక్కుకు, ఎంత ఎత్తుకు తిప్పాలో అందులో ఉంది. దాని ప్రకారం ఆగ్నేయానికి తిప్పించారు. బొమ్మ రాలేదు.

ఆ కాగితం ఆంధ్రా వైపు ఊళ్ళ కోసం తయారు చేసింది. వాళ్ళకు ఆ ఉపగ్రహం ఆగ్నేయంలో ఉంటుంది. మన దీవులకైతే దాదాపు నెత్తి మీదే ఉంటుంది, కాస్త దక్షిణంగా. ఛత్రీని దక్షిణానికి తిప్పి, పడక్కుర్చీలో వెనక్కి వాలిన మనిషిలా బాగా వెల్లకిలా పెట్టాలి. నేను మెల్లిగా "సార్, ఇక్కడ దక్షిణం..." అన్నాను.

"నువ్వు ఐటీఐనా, డిప్లొమానా?" అన్నారు సార్.

"ఐటీఐ సార్."

"అయితే స్పానర్ పట్టుకో."

పట్టుకున్నాను. మొదట కొబ్బరి మట్టలు అడ్డమన్నారు, నరికించాం. తర్వాత కేబుల్ పాడైందన్నారు, మార్చాం. ఆ తర్వాత డబ్బా పాడైందన్నారు, మార్చాం. హెడ్మాస్టరు మైకులో "కొద్ది క్షణాల్లో" అని పదకొండోసారి చెప్పేసరికి కింద జనం నవ్వడం మొదలుపెట్టారు. ఒంటిగంటకు సార్ భోజనానికి వెళ్ళారు. నేను ఛత్రీని దక్షిణానికి తిప్పి, మొహం పైకెత్తి, బోల్టు బిగించాను. బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది.

సార్ తిరిగొచ్చి చూసి, నా భుజం తట్టి, "చూశావా? టెక్నాలజీకి కాస్త ఓపిక ఉండాలి" అన్నారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ సార్‌ని చూసి నవ్వుతారు. నవ్వాల్సింది నన్ను చూసి కూడా. మూడు గంటల పాటు జవాబు తెలిసి స్పానర్ పట్టుకుని నిలబడ్డవాడిని నేను. గట్టిగా ఒక్కమాట అంటే ఏమయ్యేది? మహా అయితే ఒక మెమో ఇచ్చేవారు. పైవాడి మొహం చూసి నోరు మూసుకోవడం నాకు మొదట్నించీ ఉన్న జబ్బు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆయన మర్నాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ తియ్యలేదు. వాన పడుతుంటే డబ్బాల అట్టపెట్టె తనే నెత్తిన పెట్టుకుని మోశారు. అంత మాత్రం చేసే పైవాళ్ళు తక్కువే.

మిన్నీ బేలో నెత్తళ్ళు

మిన్నీ బేలో పార్వతి అని ఒకావిడ ఉంది. మొగుడు చేపల పడవ మీద వెళ్తాడు. ఛత్రీ బిగించిన పది రోజులకు ఫోన్ చేసి గయ్‌మంది.

"భయ్యా, నీ ఛత్రీ పొద్దున్న పన్చేస్తాది, పది దాటితే బంద్. సాయంకాలం మళ్ళీ వస్తాది. సీరియల్ మజ్జాన్నమే కదా! ఏటి నా కర్మ?"

పొద్దున్న పనిచేసి, మధ్యాహ్నం ఆగి, సాయంత్రం పనిచేసే జబ్బు ఏ పుస్తకంలోనూ లేదు. ఎండకు డబ్బా వేడెక్కుతోందేమో అనుకుని కొత్త డబ్బా పట్టుకుని వెళ్ళాను. మేడెక్కి చూద్దును కదా, ఛత్రీ నిండా నెత్తళ్ళు! జారిపోకుండా పైన పాత వల ముక్క కట్టి, నాలుగు వైపులా బట్టల క్లిప్పులు పెట్టి, తడి చేపలు శుభ్రంగా ఆరబెట్టి ఉన్నాయి.

"ఇదేంటి పార్వతీ?"

"పైన ఖాళీయే కదా భయ్యా. పిల్లులు ఎక్కలేవు, ఎండ బాగా తగుల్తాది. నువ్వే కదా ఆకాశం కేసి చూసేలా పెట్టినావు!"

కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. అంత వెల్లకిలా ఉన్న పళ్ళెం నెత్తి మీద పెట్టి అందులో ఏమీ ఆరబెట్టొద్దంటే చేపలవాళ్ళ ఇంట్లో ఎవరు ఊరుకుంటారు? అప్పటి నుంచి ఇంకో వాక్యం నా ఉపన్యాసంలో చేరింది. "ఇందులో చేపలు, ఒడియాలు, మిరపకాయలు ఆరబెట్టరాదు." మెయిన్‌ల్యాండ్ వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో ఈ సూచన లేదు. ఉండాలి.

ఉప్పుగాలి సంగతి కూడా చెప్పేస్తాను. నేను మొదటి ఏడాది మామూలు ఇనుప క్లాంపులు వాడాను. ఒక్క వానాకాలానికి తుప్పు పట్టి, ఒకరి ఛత్రీ ఎగిరి పక్కింటి మేకల పాక మీద పడింది. మేకలు బతికాయి. ఆ ఇంటావిడ నోటికి నేను బతకడమే కష్టమైంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులే వాడండి.

"అంతా వస్తుంది"

నవ్వించింది చాలు. నా తప్పు ఒకటి చెప్పాలి.

మా స్టేషన్ నుంచి సాయంత్రం అరగంట లోకల్ ప్రోగ్రాం ఉండేది. రేపు ఏ షిప్పు వస్తుంది, ఏ షిప్పు పోతుంది, సముద్రం ఎలా ఉంది, ఎవరి ఆవు తప్పిపోయింది, ఇలాంటివి. కొత్త ఛత్రీలో ఢిల్లీ వస్తుంది, హైదరాబాద్ వస్తుంది, వంద ఛానెళ్ళు వస్తాయి. ఆ అరగంట మాత్రం రాదు. అది పాత టవర్ నుంచే వెళ్ళేది కాబట్టి టవర్‌తోనే పోతుంది.

ప్రతి ఇంట్లోనూ అడిగేవారు: "ఇప్పుడు వచ్చేవన్నీ ఇందులో వస్తాయా?"

నేను ఏమనేవాణ్ణంటే, "అంతా వస్తుంది." అబద్ధమని తెలుసు. కానీ రాదంటే మళ్ళీ ఇంకో టీ, ఇంకో గంట, "ఎందుకు రాదు?" అన్న ప్రశ్న. పద్నాలుగు ఇళ్ళు ఎలా పూర్తవుతాయి? కొన్నాళ్ళకి ఆ మాట నా నోటికి అలవాటైపోయింది. అంతా వస్తుంది, అంతా వస్తుంది. ఊతపదంలా అనేసేవాణ్ణి.

సన్యాసమ్మ గారి యాంటెన్నా

బ్రూక్షాబాద్‌లో ఒక వీధి మొత్తం ఛత్రీలు వెలిశాయి, ఒక్క ఇల్లు తప్ప. రేకుల కప్పు, పక్కన పొడుగాటి జీఐ పైపు, దాని చివర పాత యాంటెన్నా. ఇల్లు సన్యాసమ్మ గారిది. అరవై దాటిన మనిషి, స్కూల్లో మధ్యాహ్న భోజనం వండి రిటైరయ్యారు. రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ టీ ఇచ్చి, మాట తిప్పి పంపేశారు. మూడోసారి నేను పట్టు పట్టాను. టవర్ ఆగడానికి ఇరవై రోజులే ఉంది.

"అమ్మా, అది తీసేసి ఇది పెడతాను. బొమ్మ ఎంత బాగుంటుందో చూడండి."

"ఒద్దు బాబూ. తియ్యనివ్వను."

"ఇరవై రోజులు పోతే అందులో ఏమీ రాదమ్మా."

"ఆ ఇరవై రోజులూ సూస్తాను."

"అందులో ఏముందమ్మా అంత?"

ఆవిడ కొంగు సర్దుకున్నారు. తర్వాత చెప్పారు. సునామీకి పది రోజుల ముందు ఆవిడ భర్త గురుమూర్తి కార్‌నికోబార్ దీవికి వెళ్ళాడు. వడ్రంగి. అక్కడ క్వార్టర్లు కడుతుంటే చెక్కపనికి వెళ్ళాడు. అల వచ్చాక అటు నుంచి మనుషుల్ని షిప్పుల్లో తీసుకొచ్చేవారు. దిగినవాళ్ళ పేర్లు ప్రతి సాయంత్రం మా అరగంటలో చూపించేవాళ్ళం. కంప్యూటర్ల మీద రాసే ఏర్పాటు అప్పుడు లేదు. జెట్టీ ఆఫీసువాళ్ళు తెల్ల కాగితం మీద లావు స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి పంపితే, ఒకరు కెమెరా ముందు పట్టుకునేవారు, ఇంకొకరు చదివేవారు. చాలా రోజులు ఆ కాగితం పట్టుకున్న చేతులు నావే.

"నాకు సదువు రాదు కదా. చెవులప్పగించి కూకునేదాన్ని. ఒక్క రోజు కూడా ఒదల్లేదు బాబూ. ఒక్క సాయంత్రం మాత్రం బొమ్మే రాలేదు. ఈదంతా కరెంటుంది, లైట్లు ఎలుగుతున్నాయి, టీవీలో మాత్రం గరగర. ఆ రోజు పేర్లు ఎవరూ ఇనలేదు. మర్నాడు వేరే షిప్పు పేర్లు సదివారు. ఆ ఒక్క రోజు పేర్లు మళ్ళీ సదవనే లేదు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టాలనిపించింది గానీ పెట్టలేదు.

"మనిషి లేడని సర్కారోళ్ళు కాగితం ఇచ్చారు. ఆ పెట్టెలో ఉంది. నమ్మలేదని కాదు. ఆ ఒక్క రోజు షిప్పులో ఆయన దిగుంటే? జెట్టీలో నా కోసం సూసి సూసి, ఎవరూ రాలేదని ఎటో ఎల్లిపోనాడేటో! ఎప్పటికైనా ఆ కాగితం మళ్ళీ సదువుతారేమోనని... పిచ్చిదాన్ని అనుకో. నాకు పనేటుంది, సాయంత్రం అరగంట కూకుంటే పోయిందేటి?"

"మళ్ళీ వస్తానమ్మా" అని బయటపడ్డాను.

లాగ్ పుస్తకంలో ఒక అబద్ధం

సన్యాసమ్మ గారు చెప్పిన ఆ సాయంత్రం టవర్ ఆపింది నేనే. ఆపలేదు, ఆగిపోనిచ్చాను. రెండూ ఒకటే.

కొండ మీదకు వచ్చే కరెంటు లైను అప్పుడు తెగిపోయి ఉంది. మేము జనరేటర్ మీద నడిపేవాళ్ళం. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీలో ఒంటరిగా ఉన్నాను. మా ఆవిడ తమ్ముడు రమణ కచల్ దీవిలో చిక్కుకున్నాడు. ఆరు రోజులుగా కబురు లేదు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. షిప్పు ఒకటి హాడో జెట్టీకి వస్తోందని తెలిసింది. షిప్పు నుంచి వైర్‌లెస్‌లో పేర్లు వచ్చేవి కాబట్టి, షిప్పు రాకముందే దిగబోయేవాళ్ళ పేర్ల కాగితం మాకు చేరేది. ఆ రోజు కూడా ఒక కవరు వచ్చింది. విప్పి చూడాలంటే భయం వేసింది. అందులో వాడి పేరు లేకపోతే? కళ్ళతో చూస్తేనే నమ్ముతాననుకుని, కవరు బల్ల మీద పడేసి, జనరేటర్‌లో డీజిల్ పోయాలన్న సంగతి మర్చిపోయి, కొండ దిగి పరిగెత్తాను.

జెట్టీలో జనం. మూడు గంటలు నిలబడ్డాను. రమణ దిగాడు. చొక్కా లేదు, కాలికి కట్టు, కానీ దిగాడు. వాడిని పట్టుకుని ఏడ్చి, ఇంటికి చేర్చి, కొండెక్కేసరికి జనరేటర్ చల్లారి ఉంది. అరగంట ఎప్పుడో అయిపోయింది.

రోజూ జరిగింది రాసే లాగ్ పుస్తకంలో, కరెంటు పోయినట్టు "పవర్ ఫెయిల్యూర్" అని రాశాను. ఎవరూ అడగలేదు. అప్పుడు అడిగే తీరిక ఎవరికుంది? మర్నాటికి కొత్త కాగితాలు వచ్చాయి. ఆ కవరు విప్పి, కాగితాన్ని చూడకుండానే కట్ట అడుక్కి తోసేశాను. మా రమణ దొరికాడు కదా, ఇంక కాగితాలతో నాకేం పని? అప్పుడు అలాగే అనిపించింది. అది రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

వీధంతా కరెంటు ఉందని ఒక మనిషి ఇన్నేళ్ళు గుర్తు పెట్టుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పదకొండు కాగితాలు

టవర్ ఆగబోతోందని స్టోర్ రూమ్ ఖాళీ చేస్తున్నారు. పాత టేపుల పెట్టెల కింద, ఇనుప బీరువా అడుగున, కట్ట దొరికింది. అంచులు చెదలు కొరికాయి గానీ స్కెచ్ పెన్ను అక్షరాలు అలాగే ఉన్నాయి. పదకొండు కాగితాలు. అన్నిటికన్నా కింద ఉన్నదాని మీద తారీఖు చూశాను. అదే. పేర్లు చూడలేదు. ఆవిడ కంటే ముందు నేను చూడడం న్యాయం కాదనిపించింది. చూసే ధైర్యం లేదన్నది కూడా నిజమే.

ఆదివారం నాలుగింటికి బ్రూక్షాబాద్ వెళ్ళాను. కట్ట చూసి సన్యాసమ్మ గారికి అర్థమైపోయింది. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ముందు జరిగిందంతా చెప్పాను. డీజిల్, జెట్టీ, లాగ్ పుస్తకంలో రాసిన అబద్ధం, అన్నీ. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత అడిగారు:

"నీ బామ్మర్ది దొరికాడేటి?"

"దొరికాడమ్మా."

"పోన్లే. మొదటి కాగితం కాడ్నుంచి సదువు."

చదివాను. ఒక్కో పేరుకీ ఆవిడ తల ఊపుతూ వచ్చారు. "ఆ, ఈడు ఒచ్చాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు." "ఈ అమ్మాయి టీచరమ్మ కూతురు, నాకు తెల్సు." పద్నాలుగేళ్ళ కింద ఒక్కసారే విన్న పేర్లు! చదువు రాని మనిషి ఎన్ని పేర్లు గుర్తు పెట్టుకుందో! నాలుగో కాగితం దగ్గర నేను ఒక పేరు దాటేస్తే "అక్కడ ఇంకోడున్నాడు బాబూ" అని ఆపారు. నిజంగానే ఉన్నాడు.

పది కాగితాలు అయ్యాయి. పదకొండోది తీశాను. ఇరవై మూడు పేర్లు. ఏడో పేరు మా రమణది. చదివాను. ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేశారు. చెయ్యి తియ్యలేదు. ఇరవై రెండు. ఇరవై మూడు.

గురుమూర్తి లేడు.

వెనక్కి తిప్పి చూపించాను. ఖాళీ. ఇంకోసారి చదవమన్నారు. ఇంకోసారి చదివాను.

అప్పుడు ఏడ్చారు. పెద్దగా కాదు. కొంగు నోటికి పెట్టుకుని, మధ్యలో మాట్లాడుతూ ఏడ్చారు.

"అయితే ఆయన దిగలేదు. దిగి నా కోసం సూసి ఎల్లిపోలేదు. ఇన్నేళ్ళూ నాను ఎల్లలేదు కాబట్టే ఆయన పోనాడనుకున్నాను బాబూ. ఆ రోజు జెట్టీకి ఒట్టినే ఎల్లినా సరిపోయేది కదా అనుకున్నాను. పేరు ఇన్లేదు కదా, ఎందుకెల్లాలి అని కూకున్నాను."

నేనూ ఏడ్చాను. దాచుకోవాల్సిన పనేముంది? పద్నాలుగేళ్ళు ఆవిడ మోసిన దాంట్లో సగం నా వాటా. ఒక డబ్బా డీజిల్ పోస్తే పోయేది. పోనీ, మర్నాడు ఆ కాగితం కూడా చదివితే పోయేది. ఇంకా సులువు, ఎవరినైనా "ఆ రోజు మీకు బొమ్మ వచ్చిందా?" అని అడిగితే పోయేది. నేను ఈ మూడింట్లో ఏదీ చెయ్యలేదు. మీరు చేరబోయే ఉద్యోగంలో డీజిల్ ఉండకపోవచ్చు. లాగ్ మాత్రం ఉంటుంది. అందులో నిజం రాయండి.

తర్వాత ఆవిడ లేచి టీ పెట్టారు. గ్లాసు నా చేతికిచ్చి, చూరు వైపు చూసి, "ఇంక అది దింపెయ్ బాబూ" అన్నారు.

నిచ్చెనేసి ఎక్కాను. బోల్టులు తుప్పు పట్టి కదలలేదు. నూనె పోసి, సుత్తితో కొట్టి, గంట పట్టింది యాంటెన్నా దింపేసరికి. పైపు కూడా పీకబోతే "దాన్నుంచు, దానికి బీరపాదు పాకిస్తాను" అని కింద నుంచి అరిచారు. ఛత్రీ పక్క గోడకు బిగించాను. దక్షిణానికి తిప్పి, మొహం పైకెత్తి. స్టెయిన్‌లెస్ బోల్టులు. డబ్బా పెట్టి, రిమోట్ ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ రిమోట్ అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు:

"సాయంత్రం ఆ అరగంట, షిప్పుల కబుర్లు, అయ్యి ఇందులో వస్తాయేటి?"

ఎన్ని వందల ఇళ్ళల్లో అన్నానో ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది.

"రాదమ్మా" అన్నాను. "అది ఇందులో రాదు."

సన్యాసమ్మ గారు రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఠీక్ హై. ఈ ఈదిలో అందరికీ వస్తాదని చెప్పినావంట కదా. నాకొక్కదానికీ నిజం చెప్పినావు. ఎల్లేటప్పుడు ఆళ్ళకి కూడా చెప్పేసి ఎల్లు."

ఆ వీధిలో పదిహేడు ఇళ్ళు. ఒక్కో గుమ్మం తట్టి చెప్పాను. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు. కొందరు తిట్టారు కూడా. అన్నీ తాగాను.